100 ఎంబీపీఎస్ ప్లాన్, మేడ మీద 11. అసలు వైఫై వేగం కొలిచేది ఎలా?

ఇజీనారం బుల్లోడు:

నమస్కారమండీ అందరికీ. మాది విజయనగరం, అయ్యకోనేరు గట్టు దగ్గర. తాతగారు కట్టించిన ఇల్లు, కింద గోడలు ఒకటిన్నర అడుగు మందం, సున్నం కట్టుబడి. దాని మీద ఓ పదేళ్ల కిందట నాన్న స్లాబు వేసి ఒక గదీ చిన్న వసారా లేపారు. ఆ మేడ మీద గదే నా ఆఫీసు. బెంగళూరు కంపెనీ, అమెరికా క్లయింటు, కాబట్టి రాత్రి తొమ్మిది నుంచి పదకొండున్నర దాకా మీటింగులే మీటింగులు.

నెట్ లోకల్ ఆపరేటర్‌ది, ఫైబర్, 100 ఎంబీపీఎస్ ప్లాన్. రౌటర్ కింద హాల్లో టీవీ పక్కన ఉంది. మేడ మీద స్పీడ్ టెస్ట్ కొడితే 11 వస్తుంది, ఒక్కోసారి 23, మొన్న ఒకసారి 4. ఆపరేటర్ కుర్రాణ్ణి పిలిస్తే వచ్చాడు, ఫోను రౌటర్‌కి ఆనించి పట్టుకుని టెస్ట్ కొట్టి, "చూసారా సార్, 94. మా వైపు ఏటీ లేదు" అని టీ తాగి వెళ్లిపోయాడు. అతను చూపించింది కళ్లారా చూశాను, మేడెక్కితే నా 11 కూడా కళ్లారా చూస్తున్నాను.

ఇంకో విచిత్రం ఏంటంటే, పైన బాలేదు కదా అని మీటింగులకి కింద హాల్లోకి దిగాను. అక్కడ టెస్టులో 90 చూపిస్తోంది. అయినా తొమ్మిదిన్నర దాటాక నా గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందట వాళ్లకి. నాకు వాళ్ల మాట మాత్రం బాగానే వస్తోంది, ఆలస్యంగా. మా పైడితల్లి అమ్మవారి సిరిమాను పండక్కి చుట్టాలు దిగినప్పటి నుంచి ఇది ఎక్కువైంది, కానీ వాళ్లు వెళ్లిపోయి కూడా వారమైంది. మేనేజర్ ముందు రోజూ ఇదే కథ, టెన్షన్‌గా ఉంది.

మా బావ ఆరు యాంటెన్నాల రౌటర్ కొనమంటున్నాడు. ఏడెనిమిది వేలు పెట్టే ముందు జబ్బేంటో తెలియాలి కదా. మూడు యాప్‌లు మూడు నెంబర్లు చెప్తున్నాయి. దేన్ని నమ్మాలి, ఎక్కడ నిలబడి కొలవాలి, ఏం కొలవాలి? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

పలాస పిక్క:

బ్రో నీకు 94 అయినా వస్తుంది. నాది కూడా 100 ప్లానే, రౌటర్ ఒళ్లో పెట్టుకుని సినిమా డౌన్‌లోడ్ పెట్టినా 11 దాటదు. నెల నెలా డబ్బులు మాత్రం ఒకటో తారీకుకి వసూలు చేస్తాడు. అందరూ ఒకటే. నిన్ననే మా ఆపరేటర్‌ని ఫోన్లో దులిపేశాను.

చికాకోల్ వైర్‌మేన్:

పలాస తమ్ముడూ, నీ డౌన్‌లోడ్ చూపించే 11 మెగాబైట్లు అయి ఉంటుంది, ఓసారి చూసుకో. ప్లాన్‌లో 100 అనేది మెగాబిట్లు. బైటుకి ఎనిమిది బిట్లు. 11 ఎనిమిదులు 88. నీకు రావాల్సింది నీకు వస్తోంది, పాపం ఆ ఆపరేటర్‌ని వదిలెయ్.

ఇక విజయనగరం తమ్ముడి సంగతి. నేను శ్రీకాకుళం, ఆమదాలవలస, నరసన్నపేట వైపు హాస్టళ్లకీ ఆఫీసులకీ చాలా ఏళ్లుగా వైర్లు లాగుతున్నాను, నువ్వు చెప్పిన కథ నెలకి నాలుగుసార్లు వింటాను. నువ్వు రెండు జబ్బుల్ని కలిపి ఒకటే అనుకుంటున్నావు. మేడ మీద గొడవ ఒకటి, కింద గొంతు తెగడం ఇంకొకటి. రెండోదాని సంగతి తర్వాత చూద్దాం, ముందు మొదటిది.

స్పీడ్ టెస్ట్ యాప్ ఏం చేస్తుంది? ఎక్కడో ఉన్న సర్వర్ నుంచి నీ చేతిలో ఫోను దాకా మొత్తం దారిని ఒక్క ముక్కగా కొలుస్తుంది. ఆ దారిలో ఎక్కడ ఇరుకుంటే ఆ ఇరుకు నెంబరు చూపిస్తుంది. ఇరుకు ఎక్కడుందో మాత్రం చెప్పదు. సర్వర్ నుంచి రౌటర్ దాకా ఆపరేటర్ దారి. రౌటర్ నుంచి ల్యాప్‌టాప్ దాకా నీ ఇంట్లో గాలి. ఈ రెంటినీ విడగొట్టకుండా ఎన్ని యాప్‌లు మార్చినా ఉపయోగం లేదు. యాప్‌ల మధ్య తేడా ఎందుకంటే ఒక్కోటి ఒక్కో సర్వర్‌ని ఎంచుకుంటుంది, కొన్నిసార్లు ఆ సర్వర్ ఆపరేటర్ సొంత నెట్‌వర్క్‌లోనే ఉంటుంది, అప్పుడు నెంబరు కళకళలాడుతుంది. యాప్‌లో సర్వర్ మార్చుకునే వీలుంటే విశాఖ ఒకటి, హైదరాబాదో ముంబయో ఒకటి పెట్టి చూడు.

కాబట్టి మొదటి పని: ల్యాప్‌టాప్‌ని హాల్లోకి తెచ్చి, వైఫై ఆపేసి, లాన్ వైరు రౌటర్‌లో గుచ్చి టెస్ట్ కొట్టు. పొద్దున్న ఒకసారి, రాత్రి తొమ్మిదిన్నరకి ఒకసారి. డౌన్‌లోడ్‌తో పాటు అప్‌లోడ్ కూడా రాసుకో, దాన్ని ఎవడూ చూడడు. వైరు మీద 94 అటూ ఇటూ వచ్చిందంటే ఆపరేటర్ దారి శుభ్రం. అన్నట్టు ఆ 94 అనేది గుర్తుపెట్టుకోవాల్సిన నెంబరు. 100 ఎంబీపీఎస్ పోర్టులో ప్యాకెట్ల (డేటాని ముక్కలు చేసి పంపే పొట్లాల) తలకట్లూ వాటి మధ్య ఖాళీలూ పోగా అసలు సరుకు అంతే పడుతుంది. 300 ప్లాన్ తీసుకున్నవాడికి కూడా సరిగ్గా 94 దగ్గర ఆగిపోతుంటే ప్లాన్‌ని తిట్టక్కర్లేదు, రౌటర్ పోర్టు 100ది అయినా అయుండాలి, లేదా కేబుల్లో ఎనిమిది తీగల్లో నాలుగే పనిచేస్తూ ఉండాలి. మొన్న ఒక హాస్టల్లో వార్డెన్ ఆరు నెలలుగా కంప్లైంట్లు పెడుతున్నాడు, చూస్తే కనెక్టర్‌లో ఒక్క తీగ ఊడింది.

రెండో పని: లింక్ స్పీడ్ చూడు, అంటే నీ ఫోనూ రౌటరూ గాల్లో మాట్లాడుకోవడానికి ఒప్పుకున్న రేటు. ఆండ్రాయిడ్ ఫోనులో వైఫై పేరు మీద నొక్కితే కనిపిస్తుంది, విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి నెట్‌ష్ వ్లాన్ షో ఇంటర్‌ఫేసెస్ (netsh wlan show interfaces) అని కొడితే వస్తుంది. అక్కడ 72 అనో 144 అనో 433 అనో ఉంటుంది. ఇది వేగం కాదు, జాగ్రత్త. పలాస తమ్ముడికి బాగా అర్థమవుతుంది, ఇది జీడిపిక్కలతో తూకం, మనకి కావలసింది జీడిపప్పు తూకం. వైఫైలో ఒకరు మాట్లాడేటప్పుడు మిగతావాళ్లు నోరు మూసుకోవాలి, ప్రతి ప్యాకెట్‌కి ముందు కాస్త ఆగి వినాలి, తర్వాత అందిందని జవాబు రావాలి. ఇవన్నీ పోగా లింక్ స్పీడ్‌లో సగం నుంచి ఓ 65, 70 శాతం వరకు మిగిలితే బాగున్నట్టే.

డబ్బా మీద అంకెలు చూసి మోసపోకు. 300 అని రాసిన రౌటర్ ఉందనుకో. అది 2009 నాటి ఎన్ రకం, రెండు యాంటెన్నాలు, 40 మెగాహెర్ట్జ్ వెడల్పు వాడితే 300. ఊళ్లో పక్కింటి వైఫైలు పది ఉంటాయి కాబట్టి అది 20కి దిగుతుంది, అప్పుడు 144. నీ ఫోనుకి ఒకటే యాంటెన్నా అయితే 72. అందులో సరుకు 40, 45. ఇదంతా రౌటర్ ఎదురుగా కూర్చుంటే వచ్చే లెక్క, నీ ఒకటిన్నర అడుగు గోడ ఇంకా రాలేదు. 1200 అని రాసినవి ఇంకా తమాషా, 2.4 గిగాహెర్ట్జ్ మీద 300, 5 గిగాహెర్ట్జ్ మీద 867 కలిపి గుండుగుత్తగా 1200 అని వేస్తారు. ఒక ఫోను ఒకసారి ఒక బ్యాండ్ మీదే ఉంటుంది కదా, ఆ రెండూ కలిపి ఎవడికొస్తాయి?

సిగ్నల్ కూడా రాసుకో, గీతలు కాదు, డీబీఎంలో, అది సిగ్నల్ బలానికి కొలత. వైఫై ఎనలైజర్ లాంటి ఆండ్రాయిడ్ యాప్ ఏదైనా చూపిస్తుంది. మైనస్ 50 అంటే దివ్యంగా ఉంది, మైనస్ 67 దాకా వీడియో కాల్‌కి ఢోకా లేదు, మైనస్ 80 అంటే ఉన్నా లేనట్టే. పది తగ్గితే బలం పదో వంతు అవుతుంది. కింద మైనస్ 48, పైన మైనస్ 78 ఉందంటే 30 తేడా, వెయ్యో వంతు అన్నమాట.

మూడోది అసలైన కొలత. ఐపెర్ఫ్3 (iperf3) అని ఉచిత ప్రోగ్రాం ఉంది. ఒక కంప్యూటర్‌ని వైరుతో రౌటర్‌కి కట్టి దాంట్లో మైనస్ ఎస్ పెట్టి నడుపు, అది సర్వర్. ల్యాప్‌టాప్ మేడ మీదకి తీసుకెళ్లి మైనస్ సి పెట్టి సర్వర్ అడ్రసు ఇవ్వు. పది సెకన్లు నడిచి నెంబరు ఇస్తుంది. ఇంటర్నెట్‌తో సంబంధం లేదు, నీ ఇంటి గాలి ఒక్కటే కొలుస్తుంది. మామూలుగా ల్యాప్‌టాప్ నుంచి కిందకి పంపుతుంది, మైనస్ ఆర్ (పెద్ద అక్షరం) చేరిస్తే కింద నుంచి పైకి. రెండూ చెయ్యి, రెండూ ఒకేలా ఉండవు. విండోస్ ఫైర్‌వాల్ అడ్డు పడితే పోర్ట్ 5201 వదలమని చెప్పు.

ఇందులో రెండు గోతులున్నాయి, నేనే పడ్డాను. సర్వర్ కూడా వైఫై మీదే ఉంటే ప్రతి ప్యాకెట్ గాల్లో రెండుసార్లు వెళ్తుంది, వేగం సగమైపోతుంది, నీ వైఫైని నువ్వే అన్యాయంగా తిట్టుకుంటావు. రెండోది, రౌటర్ పోర్టులు 100వి అయితే గాలి 300 లాగినా ఇక్కడా 94 దాటదు.

చేసి చూసి నెంబర్లు పెట్టు. రౌటర్ కొనకు.

ఇజీనారం బుల్లోడు:

గురువుగారూ, మీరు చెప్పినట్టే చేశాను. నాన్న పాత డెస్క్‌టాప్‌ని దుమ్ము దులిపి సర్వర్‌గా పెట్టాను, అది లేవడానికే అరగంట పట్టింది.

వైరు మీద పొద్దున్న డౌన్‌లోడ్ 94, అప్‌లోడ్ 5. రాత్రి తొమ్మిదిన్నరకి డౌన్‌లోడ్ 89, అప్‌లోడ్ 1.2. అప్‌లోడ్ 5 ఏంటని ప్లాన్ కాగితం తీసి చూస్తే నిజంగానే కింద చిన్న అక్షరాల్లో 5 అని ఉంది. రెండేళ్ల నుంచి వాడుతున్నాను, ఇవాళే చదివాను.

మేడ మీద సిగ్నల్ మైనస్ 76, లింక్ స్పీడ్ 39. ఐపెర్ఫ్‌లో కింద నుంచి పైకి 19, పై నుంచి కిందకి 7. ఇంకోసారి కొడితే 9, 3. మళ్లీ కొడితే 22, 11. కుదురు లేదు. 5 గిగాహెర్ట్జ్ మీద పెడితే పైన మైనస్ 84, కనెక్ట్ అయ్యీ అవ్వకుండా ఊగుతోంది.

పైకీ కిందకీ అంత తేడా ఎందుకండీ? ఇంతకీ ఏ నెంబరు రాసుకోవాలి, 19నా, 9నా, 22నా?

రాజాం ల్యాబ్ మేడం:

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను రాజాం వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నెట్‌వర్క్స్ ల్యాబ్ చూస్తాను. మీ చివరి ప్రశ్న మా పిల్లలు ఏటా అడిగేదే, దానికి వాళ్లు చెప్పుకునే జవాబు కూడా ఏటా ఒకటే: అన్నిటికన్నా పెద్ద నెంబరు రికార్డులో రాసేయడం.

మూడూ రాయండి బాబూ. ఇంకా రెండు తీసి అయిదు చేయండి. అయిదింటినీ వరసలో పెట్టి మధ్యది తీసుకోండి, పక్కనే అన్నిటికన్నా చిన్నది కూడా రాయండి. మీటింగు చెడిపోయేది ఆ చిన్న నెంబరు ఉన్న క్షణంలోనే. సగటు వద్దు, ఒక్క పిచ్చి నెంబరు వచ్చినా సగటు అటు లాక్కుపోతుంది. అన్ని కొలతలూ ఒకే ల్యాప్‌టాప్‌తో, ఒకే బల్ల మీద, తలుపు ఒకేలా ఉంచి తీసుకోండి. మా ల్యాబ్‌లో ఒకే మూల ఒకే గంటలో నాలుగు ఫోన్లతో కొలిపిస్తే నాలుగూ నాలుగు రకాలు, ఒక పిల్లాడు ఫోను ముందు నిలబడితే మరోటి. మనిషి ఒంట్లో ఉన్నది చాలావరకు నీళ్లే, 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకి నీళ్లంటే పడదు. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది కూడా ఆ దరిదాపుల్లోనే, వంటగది పక్కన కొలిచేటప్పుడు అది కూడా చూసుకోండి.

పైకీ కిందకీ తేడా మామూలే. రౌటర్ గొంతు పెద్దది, బ్యాటరీ మీద బతికే ల్యాప్‌టాప్, ఫోన్లది చిన్నది. మీకు రౌటర్ మాట వినిపిస్తుంది, మీ మాట దానికి సరిగ్గా అందదు. స్క్రీన్ మీద నాలుగు గీతలూ నిండుగా ఉండి కూడా అప్‌లోడ్ పడుకోవడానికి ఇదొక కారణం, ఆ గీతలు మీరు వినేదాన్నే చూపిస్తాయి.

అయితే 9 నుంచి 22 దాకా ఊగడం ఒక్క గోడ వల్ల కాదు. గోడ కదలదు కదా. కదిలేది ఇంకేదో ఉంది. రౌటర్ పేజీలో కనెక్టయిన వస్తువుల జాబితా చూడండి, చాలా రౌటర్లలో ఒక్కోదాని రేటు కూడా ఉంటుంది. ఒక్కోటీ ఆపుతూ ఐపెర్ఫ్ కొట్టండి.

నా అనుమానం చెప్తాను. వైఫైలో వేగాన్ని పంచుకోరు, వంతుల్ని పంచుకుంటారు. దూరంగా ఉన్న ఒక నెమ్మది వస్తువు తన వంతు వచ్చినప్పుడు అదే ప్యాకెట్‌ని అయిదారు రెట్లు ఎక్కువ సేపు సాగదీస్తుంది, అంతసేపూ దగ్గరున్న వేగం వస్తువు కూడా ఆగాల్సిందే. సింగిల్ రోడ్డు మీద చెరకు బండి వెనక బస్సులా అనుకోండి. గేటు దగ్గర కెమెరా గానీ ఉందా మీకు?

ఇజీనారం బుల్లోడు:

మేడం మీరు మా వీధిలో ఉంటారా ఏంటి? ఉంది, గేటు స్తంభం మీద! రౌటర్ పేజీలో దాని రేటు 6.5 అని చూపిస్తోంది, సిగ్నల్ మైనస్ 82. ఏదైనా కదిలితే క్లౌడ్‌కి వీడియో పంపుతుంది. మా వీధి కుక్కలు ఖాళీగా ఉండవు.

కెమెరా ఆపి అయిదుసార్లు కొట్టాను. కింద నుంచి పైకి 24, 25, 23, 24, 24. పై నుంచి కిందకి 12 అటూ ఇటూ. ఊగడం పోయింది! ఆన్ చేసి వీధిలో మా మేనల్లుణ్ణి పరిగెత్తించాను, మళ్లీ 10కి పడింది. ఇది ఒక ఆటలా ఉంది, వాడు కూడా సంతోషంగా అరగంట పరిగెత్తాడు.

రాజాం ల్యాబ్ మేడం:

లెక్క చూడండి. కెమెరా 2 ఎంబీపీఎస్ వీడియో పంపుతోందనుకుందాం, 2 అంటే చిన్నదే అనిపిస్తుంది. దాని లింక్ 6.5. రెండుని ఆరున్నరతో భాగిస్తే దాదాపు మూడో వంతు సమయం, ఆగడాలూ జవాబులూ మళ్లీ పంపడాలూ కలిపితే సగం సమయం గాలి దానిదే. మీకు మిగిలింది సగం. అందుకే మీ 24 కాస్తా 10 అయింది. దాన్ని వైరు మీదకి మార్చగలిగితే మంచిది, లేదంటే మెమరీ కార్డులో రికార్డ్ చేసుకునేలా పెట్టండి. గేటు భద్రంగానే ఉంటుంది.

చికాకోల్ వైర్‌మేన్:

మేడం గారు బాగా పట్టారు. నేనైతే గోడ మీదే తోసేసేవాణ్ణి.

ఇప్పుడు తమ్ముడి రెండో జబ్బు. రాత్రి అప్‌లోడ్ 5 కాస్తా 1.2 అయింది అన్నావు, మర్చిపోకు, తాళం అక్కడే ఉంది. ఇవాళ రాత్రి తొమ్మిదిన్నరకి ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ నల్ల కిటికీలు రెండు తెరువు. పింగ్ అంటే చిన్న పలకరింపు పంపి జవాబు ఎన్ని మిల్లీసెకన్లకి వచ్చిందో చూడటం. ఒకదాంట్లో రౌటర్ అడ్రసుకి పింగ్ మైనస్ టి, సాధారణంగా అది 192.168.1.1. రెండోదాంట్లో 8.8.8.8కి, అది బయట ఉన్న గూగుల్ వాళ్ల డీఎన్ఎస్ సర్వర్. రెండూ పక్కపక్కన నడవనీ. రౌటర్ పింగే ఎగిరెగిరి పడుతుంటే జబ్బు నీ ఇంటి గాల్లో. రౌటర్ పింగ్ 2, 3 మిల్లీసెకన్ల దగ్గర కుదురుగా ఉండి బయటిది మాత్రం వందల్లోకి పోతుంటే గాలిది తప్పు కాదు, రౌటర్ నుంచి బయటికి వెళ్లే గుమ్మం దగ్గర క్యూ కట్టింది.

ఈ క్యూ సంగతి అర్థం కావాలంటే రథసప్తమి నాడు అరసవల్లి రావాలి. గుడి తలుపులోంచి నిమిషానికి లోపలికి వెళ్లే జనం సంఖ్య పొద్దున్నా అంతే, మధ్యాహ్నమూ అంతే. తలుపు దగ్గర కూర్చుని లెక్కపెట్టేవాడికి వేగం ఏం తగ్గలేదు. క్యూ చివర నిలబడ్డవాడిని అడుగు, నాలుగు గంటలంటాడు. స్పీడ్ టెస్ట్ తలుపు దగ్గర కూర్చుని లెక్కపెట్టేవాడు. నీ గొంతు క్యూ చివర నిలబడ్డవాడు.

రౌటర్లలో, మోడెముల్లో జ్ఞాపకం చవకైపోయాక తయారీదారులు ప్యాకెట్లని కాసేపు ఆపి ఉంచే పెద్ద పెద్ద బఫర్లు పెట్టేశారు, ఒక్క ప్యాకెట్ కూడా పోకూడదని. దాంతో పోవాల్సినవి పోకుండా క్యూలో పడుంటాయి. 2010 ప్రాంతంలో జిమ్ గెటీస్ అనే ఇంజనీరు తన ఇంటి కనెక్షన్‌లోనే ఇది గమనించి గోల పెడితే దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు స్థిరపడింది. 2012లో కాథ్లీన్ నికల్స్, వాన్ జాకబ్‌సన్ కలిసి క్యూని అదుపులో పెట్టే పద్ధతి ఒకటి ఇచ్చారు. ఇప్పటికీ చాలా చవక రౌటర్లలో అది ఉండదు, డబ్బా మీద దాని ఊసూ ఉండదు, ఆరు యాంటెన్నాలు మాత్రం ఉంటాయి.

ఇజీనారం బుల్లోడు:

చేశానండీ. పొద్దున్న రౌటర్ 2, బయట 24. రాత్రి 9:40కి రౌటర్ 3, బయట 710, 745, 690... ఒకసారి 1100 కూడా చూశాను. మీటింగులో ఉండగానే చూస్తూ కూర్చున్నాను, ఎవరేం మాట్లాడారో వినలేదు.

అంటే ఎవరో అప్‌లోడ్ తింటున్నారు. మేడం చెప్పినట్టు ఒక్కోటీ ఆపుతూ వచ్చాను. టీవీ కాదు. కెమెరా ఆపాను, కాస్త తగ్గింది, పూర్తిగా కాదు. నాన్న ఫోను కాదు. చివరికి దొరికింది, అమ్మ ఫోను! సిరిమాను నాడు కోట దగ్గర మా పిన్నిగారింటి డాబా ఎక్కి సిరిమాను మూడుసార్లు తిరిగినంతసేపూ వీడియో తీసింది, చుట్టాలు తీసినవి కూడా అన్నీ పంపించుకుంది. మొత్తం 13 జీబీ. అమ్మ రోజూ అన్నాలు అయ్యాక, అంటే సరిగ్గా తొమ్మిదిన్నరకి, ఫోను ఛార్జింగ్ పెడుతుంది, గంటకి తీసేస్తుంది. ఛార్జింగ్‌లో ఉంటేనే ఫోటోల బ్యాకప్ నడిచేలా మా అన్నయ్య ఎప్పుడో పెట్టి వెళ్లాడు. 5లో కెమెరా వాటా పోగా మిగిలిందాంతో గంటకి ఒక జీబీ పైచిలుకు వెళ్తోంది, అందుకే పది రోజులుగా అమ్మవారు మా లైన్లో ఊరేగుతూనే ఉంది. బ్యాకప్ ఆపగానే బయట పింగ్ 26.

అమ్మకి చెప్తే "నా వీడియోలు పోతాయా" అని కంగారు. పోవమ్మా అని పొద్దున్నే ఫోను ఛార్జింగ్ పెట్టడం అలవాటు చేశాను.

చికాకోల్ వైర్‌మేన్:

మంచి కొడుకువి. రౌటర్ సెట్టింగుల్లో బ్యాండ్‌విడ్త్ కంట్రోల్ అనో క్యూఓఎస్ అనో ఉంటే మొత్తం అప్‌లోడ్‌ని 4.5 దగ్గర కట్టెయ్. కాస్త వేగం పోతుంది, కానీ క్యూ నీ రౌటర్ అదుపులో ఉంటుంది. కట్టాక కావాలనే పెద్ద ఫైలు ఒకటి అప్‌లోడ్ పెట్టి, అది వెళ్తుండగా పింగ్ చూడు. ఖాళీ లైన్ మీద పింగ్ చూసి సంబరపడటం అంటే పండగ మర్నాడు అరసవల్లి వెళ్లి క్యూ లేదనడమే. కాల్ కోసం ప్రత్యేకంగా కొలవాలంటే ఐపెర్ఫ్‌లో మైనస్ యు పెట్టి 3 మెగాబిట్లు పంపు, అది యూడీపీ, అంటే కాల్స్ ఎక్కువగా వాడే పద్ధతి, జిట్టరూ (ప్యాకెట్లు వచ్చే ఆలస్యంలో ఊగిసలాట) పోయిన ప్యాకెట్ల శాతమూ చూపిస్తుంది. రేటు నువ్వే ఇవ్వాలి, ఇవ్వకపోతే 1 మెగాబిట్ దగ్గరే ఆగుతుంది, అది చూసి వైఫై చచ్చిపోయిందని ఒకాయన నాకు అర్ధరాత్రి ఫోన్ చేశాడు.

మేడ గదికి రిపీటర్ కొనకు. ఒకే రేడియోతో విని మళ్లీ అదే చెప్పేది కాబట్టి ఉన్నదాంట్లో సగం పోతుంది. వాన నీటి గొట్టం పక్కనుంచి క్యాట్6 కేబుల్ ఒకటి పైకి లాగు, 100 మీటర్ల లోపు ఎంతైనా ఫరవాలేదు. ఇంట్లో పాత రౌటర్ ఏదైనా పడి ఉందా?

పలాస పిక్క:

నేను చూశాను గురూ, నిజంగానే మెగాబైట్లు. 88 వస్తున్నాయి నాకు. సారీ చెప్దామని ఆపరేటర్‌కి ఫోన్ చేస్తుంటే ఎత్తట్లేదు.

ఇజీనారం బుల్లోడు:

ఆదివారం కేబుల్ లాగించాను, ఎలక్ట్రీషియన్ గోడకి బెజ్జం కొట్టడానికి రెండు డ్రిల్లు బిట్లు అరగదీశాడు, తాతగారి గోడ మరి. అటక మీద పాత 300 రౌటర్ ఉంటే మేడ మీద పెట్టాను. పైన లింక్ 144, ఐపెర్ఫ్‌లో అయిదింట్లో మధ్యది 78, చిన్నది 71. స్పీడ్ టెస్ట్ 76. అప్‌లోడ్ కట్టేశాక పెద్ద ఫైలు పంపుతూ చూసినా బయట పింగ్ 40 దాటలేదు. నిన్న మీటింగులో ఎవరూ "యు ఆర్ బ్రేకింగ్" అనలేదు.

ఒకటే తేడా చేస్తోంది. పైన ఉండగా ఒక్కోసారి నెట్ అస్సలు రావట్లేదు, వైఫై కనెక్ట్ అయ్యే ఉంటుంది, అడ్రసు వేరే ఏదో చూపిస్తోంది. రెండు రౌటర్లకీ ఒకే పేరు పెట్టవచ్చా, ఛానల్ ఒకటే ఉండాలా?

చికాకోల్ వైర్‌మేన్:

పాత రౌటర్‌లో డీహెచ్‌సీపీ ఆపలేదు నువ్వు. ఇద్దరూ అడ్రసులు పంచుతున్నారు. అది ఆపెయ్, దాని సొంత అడ్రసు 192.168.1.2కి మార్చు, కింద నుంచి వచ్చిన వైరు వాన్ పోర్టులో కాదు, లాన్ పోర్టులో గుచ్చు. పేరూ పాస్‌వర్డూ రెంటికీ ఒకటే పెట్టు, ఫోను తనే మారుతుంది. ఛానల్ మాత్రం వేరు, కింద 1 పెడితే పైన 11. మధ్యలో 3, 4 లాంటివి పెట్టకు, అటువాళ్లకీ ఇటువాళ్లకీ అడ్డమే. పక్కింటివాళ్లు 11 మీద ఎక్కువుంటే 6 చూడు, పెట్టేముందు రాత్రి తొమ్మిదిన్నరకి ఓసారి ఎనలైజర్ తెరిచి చూసుకో, పగటి పూట చూస్తే అందరూ ఆఫీసుల్లో ఉంటారు.